తాళాల గుత్తితో లీనియర్ సెర్చ్

మా ఇంట్లో మగవాళ్లెవరూ కుర్చీకి వీపు ఆనించి కూర్చోరు. వీపు ఆనించాడంటే అలసిపోయినట్టు. అలసిపోయాడంటే ఏదో పని చేసినట్టు. పని చేయడం మా ఇంటా వంటా లేదు. దొరతనం నడిపిన గడీ కూలింది, భూములు సీలింగులో కొన్ని, మా తాతగారి ఉదారత్వంలో కొన్ని పోయాయి. నా వాటాకు నిటారుగా ఉన్న ఈ వెన్నెముక ఒక్కటే వచ్చింది. దాన్ని ఎవరూ స్వాధీనం చేసుకోలేదు, అడిగినవాళ్లు కూడా లేరు.

ఆ వెన్నెముకతోనే తొంభైల చివర మాదాపూర్ వైపు ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో చేరాను. కింద సిమెంటు, ఇనుము అమ్మే దుకాణం, పైన మా తరగతి. కిటికీలోంచి చూస్తే బండరాళ్ల మధ్య కొత్తగా లేచిన గుండ్రటి అద్దాల భవనం కనిపించేది. దాని చుట్టూ ఇంకా రాళ్లు పేలుస్తూనే ఉన్నారు. ముందు ఎవరో విజిల్ వేసేవారు. మా మేడం సగం వాక్యంలో ఆగిపోయేది. ఢామ్మనేది. కప్పు నుంచి కాస్త సున్నం రాలేది. మేడం మిగతా సగం వాక్యం పూర్తి చేసేది. ఆ కోర్సులో నేను నేర్చుకున్నదంతా అలా రెండు ముక్కలుగానే నేర్చుకున్నాను.

నా వెనక కూర్చున్నవాళ్లకు బోర్డు కనిపించేది కాదు. "అన్నా, జర ఒంగున్రి" అని వెనకనుంచి ఒకడు రోజూ బతిమాలేవాడు. నార్సింగి కుర్రాడు. పొద్దున్నే గేదెల పాలు పోసి, సైకిల్ మీద వచ్చేవాడు. వంగడం మా వంశంలో లేదని వాడికి చెప్పలేను కదా. మెడ నొప్పి అన్నాను. మర్నాడు వాడు ఏదో పసరు సీసాలో పోసుకొచ్చి ఇచ్చాడు. ఘాటుగా ఉండేది. రాసుకోకపోతే అడిగేవాడు, అందుకని లేని నొప్పికి నెలంతా పసరు రాసుకున్నాను.

నేను లింగంపల్లిలో ఒక గది కిరాయికి తీసుకుని ఉండేవాణ్ణి. అక్కడినుంచి సెవెన్ సీటర్ ఆటోలో రావాలి. డ్రైవరు పక్కన కూర్చోవడం నామోషీ అని వెనక సీటు ఖాళీ ఉన్న ఆటో వచ్చేదాకా రోడ్డు మీద నిలబడేవాణ్ణి. అది వచ్చేసరికి క్లాసు సగం అయిపోయేది. నా దృష్టిలో అది ఆలస్యం కాదు, దర్జా.

ఇంత దర్జా ఉన్నవాడికి కంప్యూటర్ కోర్సు ఎందుకంటే, మా ఊరి రైసుమిల్లు వల్ల. ఆ మిల్లు యజమాని తండ్రి మా గడీ మెట్ల కింద చెప్పులు విడిచి నిలబడి మాట్లాడేవాడట. ఇప్పుడు ఆ కొడుకు నాకు కబురు పంపాడు. మిల్లులో నమ్మకస్తుడు కావాలి, మీరు వచ్చి కూర్చుంటే చాలు, దసరా వెళ్లాక చెప్పండి అని. ఆ మాటలో కొంచెం వెటకారం ఉన్నా తేలిగ్గా తిరస్కరించేవాణ్ణి. లేదు. నిజంగా దయతోనే అడిగాడు. దయను తిరస్కరించడానికి ఒక ఉద్యోగం అవసరం.

ఆ ఉద్యోగం గుండ్రటి భవనంలో ఉంది. అక్కడి కంపెనీ ఒకటి మా ఇన్‌స్టిట్యూట్ నుంచి ఇద్దరి పేర్లు పంపమంది. పరీక్షల్లో మార్కులు మాత్రమే చూడొద్దు, తెలిసింది నలుగురికి చెప్పగలిగేవాళ్లు కావాలి అన్నారట. అందుకని మా డైరెక్టరు (ఆ పై అంతస్తు గదులకు ఆయనే యజమాని, ఆయనే డైరెక్టరు) సెర్చింగ్ పాఠం రివిజన్ రోజున తానే వచ్చి వెనక కూర్చుంటానన్నాడు. చూసి ఇద్దరిని ఎంచుతాడు. నేను దిగులు పడలేదు. నిర్వచనాలన్నీ ఎక్కాల్లా వచ్చు. రెండు పేర్లలో ఒకటి నాదే అనుకున్నాను. రెండోది ఎవరిదో పాపం అని కూడా అనుకున్నాను.

ఆ రోజు మా తాతగారి బంద్‌గలా కోటు వేసుకుని వెళ్లాను. ఎండ మండుతోంది. కోటు నిండా కలరా ఉండల వాసన, దాని కింద మెడకు పసరు వాసన. వెనక సీటు దొరికింది, కానీ పక్కవాళ్లు ఇద్దరు దారిలోనే దిగిపోయారు.

మేడం కాకినాడ వైపు మనిషి. చిన్నపిల్లలకైనా అండి అంటుంది. "ఇవాళ పాఠం లేదండి, ఆట ఆడుకుందాం" అంది. మమ్మల్ని రెండు జట్లు చేసి, కుర్చీలన్నీ ఒకే వరసలో వేయించింది. ఒక్కొక్కరికి ఒక అట్టముక్క ఇచ్చింది. దాని మీద ఒక అంకె. ఎడమనుంచి కుడికి అంకెలు పెరుగుతూ పోతాయి, అట్టను గుండెకు ఆనించి దాచుకోవాలి. ఒకరు లేచి వచ్చి మేడం చెప్పిన అంకె ఎవరి దగ్గరుందో వెతకాలి. ఎవరినైనా చూపించమని అడిగితే అందరూ ఒక చప్పట కొట్టాలి. తక్కువ చప్పట్లతో దొరికించుకున్న జట్టు గెలిచినట్టు.

ముందు అవతలి జట్టు నుంచి కడప అమ్మాయి వచ్చింది. నేరుగా వరస మధ్యకు పోయి, "చూపించన్నా" అంది. చూసి, కుడివైపు సగంలోకి పోయింది. దాంట్లో మళ్లీ మధ్యకు. ఇంకో చప్పటకు దొరికింది.

"ఎలా దొరికిందండీ అంత త్వరగా?" మేడం అడిగింది.

"వరసలో పెట్టినారు గదా మేడం. ఈయప్ప దగ్గర ఉండేది చిన్న అంకె అయితే, ఈయప్పకు ఎడంపక్క ఉండేటోళ్లందరివీ ఇంకా చిన్నవే. వాళ్లను అడిగేదెందుకు?"

"బైనరీ సెర్చ్ అండి. ప్రతిసారీ సగం వదిలేస్తాం. దీని టైం కాంప్లెక్సిటీ, అంటే మనుషులు పెరిగితే చప్పట్లు ఏ లెక్కన పెరుగుతాయండి?"

"ఆర్డర్ ఆఫ్ లాగ్ ఎన్" అని అందరికంటే ముందు నేనే అన్నాను. వెనక డైరెక్టరు నావైపు చూశాడు. కోటు సరిచేసుకున్నాను.

తరువాత నా వంతు. మేడం అంకె చెప్పింది. నేను లేచి నడిచాను. ఏం చేయాలో నాకు తెలుసు. మధ్యకు వెళ్లాలి. కానీ వరసలో మొదటి కుర్చీలో పెద్దాయన ఉన్నారు. రైల్వేలో రిటైరై, మనవడితో సమానంగా కంప్యూటర్ నేర్చుకోవాలని వచ్చినాయన. నా కాళ్లు ఆయన ముందు ఆగిపోయాయి.

మా ఇంట్లో పంక్తి వేస్తే వడ్డన మొదటి విస్తరి నుంచే మొదలుకావాలి. ఒకసారి కొత్తగా వచ్చిన వంటమనిషి, పప్పు చల్లారుతుందని, మధ్యలో మొదలుపెట్టాడు. మొదటి విస్తరి ముందున్న మా తాతగారి బావమరిది లేచి చేయి కడుక్కున్నాడు. పప్పు ఎంత బాగుందో చెప్పడానికి కూడా ఆ రెండు ఇళ్ల మధ్య ఒక తరం మాటల్లేవు. నేను అలాంటి పప్పు కథలు తిని పెరిగినవాణ్ణి.

"చూపించండి" అన్నాను పెద్దాయనతో.

"నన్ను దాటి వెళ్లిపోండి బాబూ" అన్నారాయన మెల్లగా. "నా దగ్గర మరీ చిన్న నంబరండి."

"మీరు పెద్దవారు. మిమ్మల్ని దాటి ఎలా వెళ్లను?"

ఆయన చూపించారు. చప్పట పడింది. ఇక మధ్యకు వెళ్లొచ్చు. కానీ పెద్దాయన పక్కన కూర్చున్నది ఒక పెళ్లైన ఆవిడ. ఆయన్ని పలకరించి ఆవిడను పలకరించకుండా పోతే ఏమనుకుంటుంది? అడిగాను. ఆవిడను అడిగాక మూడో మనిషి ఏం పాపం చేశాడు? మర్యాదకు ఒక గుణం ఉంది, మొదలుపెట్టామంటే చివరిదాకా నడిపిస్తుంది. చప్పట్లు మొదట విడివిడిగా పడేవి, తరువాత భజనలాగా కలిసిపోయాయి.

"అన్నా! నడిమిట్లకు దుంకు! జర నడిమిట్లకు దుంకు అన్నా!" నార్సింగి కుర్రాడు చివరి కుర్చీలోంచి అరుస్తున్నాడు. వాడు మా జట్టే.

"పోనీలే తమ్ముడూ" అంది కడప అమ్మాయి చప్పట్లు కొడుతూనే. "ఇంటింటికీ పోయి పెండ్లిపత్రిక ఇస్తాండాడు. ఒకిల్లు వదిలిపెడితే వాళ్లు పెండ్లికి రారు."

అందరి ముందూ ఆగి, అందర్నీ అడిగి, చివరి కుర్చీ దగ్గరికి చేరాను. నార్సింగి కుర్రాడు అట్ట తిప్పాడు. అదే అంకె.

"ఇంతసేపు నా తానే ఉన్నదన్నా" అన్నాడు దీనంగా. "చెప్పరాదాయె. ఎంత పరేషాన్ అయిననో నాకే ఎరుక."

మేడం ముఖం వెలిగిపోయింది. "అందరికీ అర్థమైందాండీ? ఇదే లీనియర్ సెర్చ్. మొదటినుంచి ఒక్కొక్కటే చూసుకుంటూ పోవడం. ఎంతమంది ఉంటే అన్ని చప్పట్లు." బోర్డు మీద ఆర్డర్ ఆఫ్ ఎన్ అని పెద్దగా రాసింది. " ఇంత బాగా నాకు ఎవరూ చేసి చూపించలేదండి, థాంక్స్."

నేను ఆ థాంక్స్‌ను స్వీకరించి తల పంకించాను కూడా. సగం దూరం నడిచి నా కుర్చీ చేరేసరికి గానీ అది ఎలాంటి మెప్పో తట్టలేదు. డైరెక్టరు కర్చీఫ్‌తో మూతి తుడుచుకుంటున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. రైసుమిల్లులోని వడ్ల వాసన అప్పుడే ముక్కుకు తగిలినట్టయింది.

రెండో ఆట మాటల ఆట. మేడం తన స్టీలు టిఫిన్ డబ్బాలో చీటీలు వేసి తెచ్చింది. ప్రతి చీటీలో పాఠంలోని ఒక మాట. ఆ మాట అనకుండా, పుస్తకంలోని ఇంగ్లీషు వాడకుండా, ఎవరింట్లో వాళ్లు చూసిన సంగతితో చెప్పాలి. జట్టువాళ్లు ఆ మాట కనిపెట్టాలి.

నార్సింగి కుర్రాడు మొదట తీశాడు. చీటీ చదివి కాసేపు కప్పుకేసి చూశాడు. "మా అమ్మ సీకట్ల గూడ మెంతుల డబ్బ మీదనే చెయ్యి పెడ్తది. దీపం పెట్టది, దేవులాడది. అల్మార్ల పది డబ్బలున్నా గంతే, నూరు డబ్బలున్నా గంతే. చెయ్యి పెట్టిందంటే మెంతులే."

"కాన్‌స్టాంట్ టైం!" మా జట్టంతా ఒక్కసారి అరిచింది.

కడప అమ్మాయి వచ్చింది. "మా అవ్వ నన్ను చూడను ఒక్కతే బస్సెక్కి వచ్చె. అడ్రసు ల్యా, ఏం ల్యా. లింగంపల్లిలో దిగి, కనపడిన మొదటి మనిషిని పట్టుకోని, 'నాయనా, నా మనవరాలు యాడుంటాదో తెలుసునా' అని అడిగె." ఆగి, మా అందరి వైపూ చూసింది. "అద్దాలు ల్యాక నాయనా అనె గానీ, ఆ మనిషి నేనే."

అవతలి జట్టు నవ్వులోంచే ఎవరో "బెస్ట్ కేస్" అన్నారు. డైరెక్టరు బల్ల చరిచి నవ్వాడు. రెండు పేర్లలో ఒకటి అక్కడే పోయిందని తెలిసిపోయింది. ఇక మిగిలింది ఒకటి.

నేను డబ్బాలో చేయి పెట్టాను. చీటీ విప్పితే: వర్స్ట్ కేస్.

గొంతు సవరించుకున్నాను. "అన్వేషణా ప్రక్రియలో సంభవించగల అత్యధిక కాలవ్యయ స్థితి" అన్నాను.

పెద్దాయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"అన్నా, తెలుగుల చెప్పమన్నరు" అన్నాడు నార్సింగి కుర్రాడు.

"ఇంట్లో సంగతి చెప్పాలండి" అని మేడం గుర్తు చేసింది. "మీ ఇంట్లో చూసింది."

అక్కడే వచ్చింది చిక్కు. మా ఇంటి గురించి వీళ్లకు చెప్పింది ఒక్కటే. ఏనుగు పట్టేంత గుమ్మం ఉండేదని. ఉండేది నిజమే. ఏనుగు ఎప్పుడూ రాలేదు. గుమ్మం తరువాత ఏముందో ఎవరైనా అడిగితే నేను బంద్‌గలా కాలరు సర్దుకుని మాట మార్చేవాణ్ణి. ఇప్పుడు మాట మారిస్తే మిల్లు. చెబితే, ఇన్నాళ్లూ నిలబెట్టుకొచ్చిన గుమ్మం ఇరవై మంది ముందు కూలుతుంది.

బయట విజిల్ వేశారు. అందరూ అలవాటుగా ఆగారు. పేలుడు కోసం ఎదురుచూస్తూ నేను బోర్డు ముందు చీటీ పట్టుకుని నిలబడ్డాను. కిటికీలో ఆ గుండ్రటి భవనం అద్దాలు మెరుస్తున్నాయి. ఢామ్మంది. కప్పులోంచి సున్నం రాలి తాతగారి కోటు భుజం మీద పడింది. దులుపుకోబోయి ఊరుకున్నాను.

"మా నానమ్మ నడుముకు ఒక తాళాల గుత్తి ఉండేది" అన్నాను.

ఆ తరువాత నాకు తెలిసిన తెలుగులోనే చెప్పాను. గడీలో చాలా గదులు. నాకు ఊహ తెలిసేసరికి వాటిలో తలుపూ తాళమూ మిగిలింది ఒక్క వడ్ల కొట్టుకే. కచేరీ హాలు వానలకు కూలింది. అద్దాల గది దూలాలు ఎవరో పట్టుకుపోయారు. కానీ తాళం చెవులన్నీ గుత్తిలోనే ఉన్నాయి. సాయంత్రం బియ్యం తీయడానికి నానమ్మ కొట్టు ముందు నిలబడేది. ముందు దేవుడి గది చెవి తాళంలో పెట్టి తిప్పేది. రాదు. "కాదు" అనేది. తరువాత కచేరీ హాలు చెవి. కాదు. తరువాత అద్దాల గది. కాదు. గదుల హోదా ప్రకారం వరసగా అన్నీ. వడ్ల కొట్టు అన్నిటికంటే తక్కువ గది, దాని చెవి గుత్తిలో చివరిది. నాకు ఆకలి. "నానమ్మా, చివరిదే గదా, దాంతోనే తియ్యరాదు?" అని ఏడ్చేవాణ్ణి. "పెద్దగదులను దాటి కొట్టు చెవికి చెయ్యేస్తరా? చివరిది చివర్నే రావాలె" అనేది. రోజూ చివర్నే వచ్చేది. మా ఇంట్లో అన్నం ఎప్పుడూ ఆలస్యమే.

"వర్స్ట్ కేస్!" నార్సింగి కుర్రాడు కుర్చీలోంచి లేచాడు. "వర్స్ట్ కేస్ అన్నా!"

ఆట అయిపోయింది, కూర్చోవచ్చు. కానీ నోరు ఆగలేదు.

"ఇంకొకటుంది" అన్నాను. "ఆ కొట్టుకు వెనక గోడ లేదు. అంతకు ముందటి వానల్లోనే పడిపోయింది. నానమ్మ అన్ని చెవులూ తిప్పి, చివరిదాంతో తలుపు తీసేసరికి, లోపల ఎవరిదో మేక నిలబడి వడ్లు తింటూ మా వైపు చూసేది."

తరగతి విరగబడి నవ్వింది. పెద్దాయన కళ్లజోడు మళ్లీ తీయాల్సి వచ్చింది. నేనూ నవ్వాను. నవ్వు ఆపుకోలేక వెనక్కి ఒరిగి బోర్డుకు ఆనుకున్నాను. మా వంశంలో ఒక మగవాడి వీపు దేనికో ఒకదానికి ఆనడం అదే మొదటిసారి అనుకుంటాను. దిగి వస్తుంటే పెద్దాయన నన్ను ఆపి వెనక్కి తిప్పారు.

"బాబూ, కోటు మీద ఆర్డర్ ఆఫ్ ఎన్ అచ్చు పడిందండి. తిరగబడి పడింది. దులపమంటారా?"

సాయంత్రం డైరెక్టరు పిలిచాడు. ఆయన గది మా తరగతికీ మెట్లకూ మధ్య ఉన్న ప్లైవుడ్ అర. నాలుగు కుర్చీలుంటే ఒకదాని అంచున కూర్చున్నాను.

"సాబ్, రెండు పేర్లు రాసిన" అన్నాడు. "కడప పిల్లది, నార్సింగి పోరనిది."

నేను నిటారుగానే ఉన్నాను. దానికోసం ప్రత్యేకంగా ఏమీ చేయనక్కర్లేదు.

"మీరు గుస్స గాకున్రి. ఆడ ఇంటర్వ్యూకు పది మంది గూసుంటే మీరు పెద్దమనిషిని వెతికి ఆయనకు దారిడుస్తరు. అంతట్ల ఉద్యోగం అయిపోతది." టీ గ్లాసు నా వైపు జరిపాడు. "మేడం ఒక్కతితోని అన్ని క్లాసులు అయితలేవు. వచ్చే బ్యాచ్ నుంచి రివిజన్ క్లాసు మీరు చెప్పున్రి. జీతమిస్త. గా తాళాల ముచ్చట మాత్రం తప్పకుంట చెప్పాలె. మేకతోని సహా."

మా ఇంట్లో మాట్లాడేవాళ్లు కూర్చుంటారు, వినేవాళ్లు నిలబడతారు. ఇక్కడ వినేవాళ్లు కూర్చుంటారట, నేను నిలబడాలట.

"కుర్చీ ఉంటుందా?" అని అడిగాను.

"ఉంటది. కూసుంటే బోర్డు మీద చెయ్యందది."

ఆలోచించి చెబుతానన్నాను. కిందికి దిగేసరికి లింగంపల్లి ఆటో ఒకటి నిండిపోయి కదలబోతోంది. డ్రైవరు పక్కన మాత్రం ఖాళీ ఉంది. వెనక సీటు ఖాళీ ఉన్నది ఇంకెప్పటికి వస్తుందో. ఎక్కి డ్రైవరు పక్కన కూర్చున్నాను. గేరు మార్చినప్పుడల్లా అతని మోచేయి తాతగారి కోటుకు తగిలింది. దారంతా రైసుమిల్లు కుర్చీనీ, ఇన్‌స్టిట్యూట్ కుర్చీనీ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఒకదాంట్లో కూర్చోవాలి, రెండోదాంట్లో కూర్చోవడానికి వీల్లేదు. దిగేలోపు తేలిపోయింది. మర్నాడు మిల్లుకు కబురు పంపాను, ఇక్కడ పని దొరికిందని. ఆయన సంతోషించినట్టు తిరిగి కబురు వచ్చింది. అదీ దయే. ఈసారి తీసుకున్నాను.

కొత్త బ్యాచ్‌కు రివిజన్ చెప్పే రోజున ఊరినుంచి తెప్పించిన గుత్తి, కొట్టు తాళం పట్టుకుపోయాను. బరువుకు చొక్కా జేబు చిరిగింది. నిలబడే కథ చెప్పాను. మేక దగ్గర అందరూ నవ్వారు. గుత్తి, తాళం ముందు వరసలో అమ్మాయికి ఇచ్చి, చేసి చూపించమ్మా, ఎన్నిసార్లు తిప్పాల్సి వస్తుందో అందరూ చూస్తారు అన్నాను.

ఆమె గుత్తిని ఒకసారి తిరగేసి చూసింది. చివరి చెవి పట్టుకుని తాళంలో పెట్టి తిప్పింది. టక్కున ఊడింది.

"వచ్చేసింది సార్" అంది.

తరగతి చప్పట్లు కొట్టింది. నా వీపు దానంతటదే నిటారైంది.

"మూసెయ్యమ్మా" అన్నాను. "దేవుడి గది నుంచి రావాలి."